కూర్చుని తిన్నాడా?

నా పదవీ విరమణ రోజున వార్డులో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు, దండ వేశారు, ఒక గోడ గడియారం ఇచ్చారు. ఇక డ్యూటీకే పోనక్కర్లేని మనిషికి గడియారం ఎందుకిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తలా నాలుగు మంచి మాటలు చెప్పారు. చివర్లో, కొత్తగా చేరిన ఒక నర్సమ్మాయి మైకు అందుకుంది.

"మేడం పెట్టిన కూర్చునే పరీక్ష నాకు చాలా ఇష్టం. పేషెంటు అన్నం తినేటప్పుడు చివరిదాకా కూర్చున్నాడా, మధ్యలో లేచాడా అని చూస్తే చాలు, జబ్బు తగ్గిందో లేదో తెలిసిపోతుంది. మా సీనియర్లు నేర్పించారు. నేను రోజూ చూసి రాస్తున్నా" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలోని లడ్డు కింద పడింది. ఆ పరీక్ష నేను పెట్టిందే, అబద్ధం కాదు. కానీ దాన్ని నేనే నా చేతులతో కొట్టేసి చాలా ఏళ్ళయింది. రిపోర్టు పుస్తకంలో దాని కోసం పెట్టిన గడి మీద గీత కూడా గీశాను. అది నాకు తెలియకుండా నోటి నుంచి నోటికి దొర్లుకుంటూ వచ్చి, నా వీడ్కోలు సభలో నా పేరుతోనే నా ముందు నిలబడింది.  ఆ సాయంత్రం ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ సంగతి చెప్పాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీకందరికీ కూడా చెప్పాలనిపించి రాస్తున్నాను. ఇందులో నన్ను మెచ్చుకునేది ఏమీ లేదు, ముందే చెప్తున్నా.

ఆసుపత్రి పేరెందుకు లెండి. అనంతపురం ఊరి అంచున, బుక్కరాయసముద్రం వైపు ఉండేది. మానసిక రోగులకు ఇరవై మంచాల వార్డు. నేను అక్కడ చేరినప్పుడు వణికిపోయిన మాట నిజం. పదేళ్ళు తిరిగేసరికి మాత్రం నాకు తెలియనిది ఏదీ లేదనే స్థితికి వచ్చాను. గేటు దగ్గర ఆటో దిగే మనిషిని కిటికీలోంచి చూసి, లోపలికి రాకముందే "ఎక్కింది" అనో "దిగింది" అనో చెప్పేదాన్ని. ఉత్సాహం కట్టలు తెంచుకుని, నిద్రాహారాలు మాని, ప్రపంచమంతా నాదే అని తిరిగే దశను మా వార్డు భాషలో "ఎక్కడం" అనేవాళ్ళం. అదే మనిషి కొన్నాళ్ళకు మూలన పడి, ముద్ద కూడా మింగలేని దశకు వస్తే అది "దిగడం". రెండూ ఒకే జబ్బుకు రెండు కొసలు. డాక్టర్లు ఇంగ్లీషులో దానికి పెట్టిన పేరు పెద్దది. మాకు ఈ రెండు మాటలతో పని జరిగిపోయేది.

కూర్చునే పరీక్ష అప్పుడు పుట్టిందే. మధ్యాహ్నం పూట మగవాళ్ళందరినీ వసారాలో వరుసగా నేల మీద కూర్చోబెట్టి వడ్డించేవాళ్ళం. రాగి ముద్ద, పప్పు, ఆదివారమైతే వేరుశనగలు నూరిన ఊరుబిండి. ఎక్కిన మనిషి ఆ వరుసలో నిలకడగా కూర్చోలేడు. రెండు ముద్దలు మింగి లేస్తాడు, పక్కవాడి పళ్ళెంలో చేయి పెడతాడు, పంపు దగ్గరికి పోయి ఉపన్యాసం మొదలుపెడతాడు. మందు పని చేసేకొద్దీ కూర్చునే సమయం పెరుగుతుంది. ఇది నేను గమనించి ఒకరిద్దరు డాక్టర్లకు చెప్పాను. చెప్పినట్టే జరిగింది. అంతే, రిపోర్టు పుస్తకంలో కొత్తగా ఒక గడి గీశాను. "కూర్చుని తిన్నాడా?" అవును, లేదు. రౌండ్సుకు వచ్చే డాక్టరు నాడి కంటే ముందు ఆ గడి చూసేవాడు. నాకు గర్వంగా ఉండేది. ఎందుకుండదు? నర్సు మాటకు డాక్టరు మందు మార్చడం ఎన్ని చోట్ల చూస్తాం?

అలాంటి రోజుల్లో గుమ్మఘట్ట వైపు నుంచి ఒక గొర్రెల కాపరిని తీసుకొచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, నెత్తిన తలగుడ్డ, భుజాన కంబళి, చేతిలో గడ్డం దాకా వచ్చే కట్టె. వెంట భార్య. ఆమె పది రోజులుగా నిద్రపోలేదని కళ్ళు చెప్పాయి. అతను కూడా పది రోజులుగా నిద్రపోలేదు గానీ, అతని కళ్ళు పండగలా వెలిగిపోతున్నాయి. తెలుగులో ఒక పాట, కన్నడంలో ఒక పాట, మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా లేదు. తన కట్టె ఎక్కడ గుచ్చితే అక్కడ నీళ్ళు పడతాయని, అనంతపురం జిల్లాకంతా తానే నీళ్ళిస్తానని చెప్పాడు. ఊళ్ళో అందరి చేలల్లో కట్టె గుచ్చి వచ్చాడట. ఒక రైతు నిజంగానే నమ్మి అక్కడ బోరు వేయించాడని, దుమ్ము తప్ప ఏమీ రాలేదని భార్య చెప్పింది. మా కరువు సీమలో నీళ్ళ మాట చెప్పేవాణ్ణి పిచ్చివాడని అనుకోవడానికి కూడా కొంచెం టైం పడుతుంది.

"ఎక్కింది" అన్నాను. నేను కాదు, ఎవరైనా అదే అంటారు. వార్డులోకి కట్టెలు రానివ్వకూడదని నియమం. కట్టె తీసుకుని, దానికి చీటీ కట్టి, సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాను. కంబళి మాత్రం ఇవ్వనన్నాడు, పోనీలే అని వదిలేశాను.

అప్పుడు మా వార్డు చూసుకునేది ఒక కుర్ర డాక్టరు. కోస్తా నుంచి కొత్తగా వచ్చాడు. తెలివైనవాడు, మర్యాదస్తుడు, మంచివాడు. నా ముందు మాత్రం కొంచెం బెదురు. వారానికోసారి ఒక పెద్ద డాక్టరు వేరే ఊరి నుంచి వచ్చి చూసి పోయేవారు. కాపరికి సూదులు మొదలుపెట్టారు, మాత్రలు మొదలుపెట్టారు. నాలుగు రోజుల్లో పాట ఆగింది. అయిదో రాత్రి నిద్రపోయాడు. నీళ్ళ మాట మానేశాడు. మేమంతా సంతోషించాం.

ఆరో రోజు నడక మొదలైంది.

వసారా ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు. నిలబడితే ఒక కాలు మార్చి ఒక కాలు, ఎండకు కాలిన బండ మీద నిలబడినట్టు. కూర్చుంటే రెండు నిమిషాలకు లేచేవాడు. మధ్యాహ్నం ముద్ద పళ్ళెం చేత్తో పట్టుకుని తిరుగుతూ తిన్నాడు. నేను గడిలో "లేదు" అని రాశాను.

"పాటలు లేవు, ఎక్కువ మాటలు లేవు, నిద్ర పడుతోంది. ఒక్క నడకేనా సిస్టర్?" అన్నాడు కుర్ర డాక్టరు అనుమానంగా.

ఆయనకు ఆ క్షణంలో సరైన అనుమానమే వచ్చింది.  దాన్ని తుంచేసింది నేనే.

"కూర్చోల్యాకపోతే తగ్గల్యాదనే లెక్క సార్. ఎన్ని కేసులు చూసినానో నేను" అన్నాను.

ఆయన తల ఊపి మందు పెంచాడు. మర్నాడు నడక పెరిగింది. నేను మళ్ళీ "లేదు" అని రాశాను. మళ్ళీ మందు పెరిగింది.

ఒక మధ్యాహ్నం అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు. మొహం వాడిపోయింది, పెదాలు ఎండిపోయాయి. నిలబడే ఉన్నాడు గానీ కాళ్ళు నిలబడి లేవు.

"సిస్టరమ్మా, నేను గొర్లను తోలతా గదా, అట్ల నన్ను లోపల్నుంచి ఎవురో తోలతాండారు. నిలబడనీరు, కూసోనీరు. ఈ కాళ్ళు తీసేయమ్మా, నీకు పున్నెం వస్తాది."

"కాళ్ళు తీసేస్తే గొర్లను ఎవరు మేపేదప్పా?" అన్నాను నవ్వుతూ. అతను నవ్వలేదు. నేను పుస్తకం తీసి, "ఎవరో తనను లోపల్నుంచి నడిపిస్తున్నారని భ్రమ" అని నీటుగా రాశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అనేవాళ్ళు. ఆ ఒక్క వాక్యానికి మందు మూడోసారి పెరిగింది.

ఆ వారంలోనే ఇంకో సంగతి. ఆ ఏడు కాలవ నీళ్ళు వచ్చి బుక్కరాయసముద్రం చెరువు నిండింది. మా మేడ మెట్ల పైనుంచి చూస్తే తళతళా కనిపించేది. నిండు చెరువు చూసి ఎన్నేళ్ళయిందో, మేమంతా టీ గ్లాసులు పట్టుకుని అక్కడికే పోయి చూసేవాళ్ళం. కాపరి కూడా తిరిగి తిరిగి ఆ మెట్లెక్కి ఒక క్షణం ఆగి అటు చూసేవాడు. "నీళ్ళు చూస్తే గొర్లు గుర్తొస్తాండాయేమప్పా?" అని అడిగాను. ఊ అన్నాడు. మనిషికి ఇల్లు గుర్తొస్తోంది, మంచి లక్షణమే అనుకున్నాను.

ఆదివారం భార్య వచ్చింది. అతనితో పాటు వసారాలో అటూ ఇటూ నడుస్తూనే మాట్లాడింది. తర్వాత నా దగ్గరికి వచ్చి కొంగు బిగించి నిలబడింది.

"అమ్మా, ఇది ఆ జబ్బు కాదమ్మా. అప్పుడు మా ఆయప్ప రాజు మాదిరి ఉండె. ఎంత తిరిగినా కుశాలగా తిరిగె. ఇప్పుడు సూడు, ఏడుస్తా తిరగతాండాడు. ఆ బట్టలారేసే గడ చేతికిచ్చి ఒకింత సేపు నిలబడు సూద్దాం అంటి. నిలబడల్యా."

"గొర్లు కాసేటోడు తిరక్క ఏం చేస్తాడు మే? నీకు తెల్దులే, తగ్గుతాది" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "గొర్లు కాసేటోనికి తిరిగేది కాదమ్మా పని. నిలబడేది పని. కట్టె గదుమ కింద పెట్టుకొని, ఒంటికాలు మీద పొద్దు వాలేదాకా నిలబడతాడు మా ఆయప్ప. మనిషి కదిలితే గొర్లు మేయవు, బెదురుతాయి. ఇంత కదిలేటోన్ని నేను ఎప్పుడూ సూసిండ్లా."

నేను పుట్టి పెరిగింది శింగనమల పక్కన ఒక పల్లెలో. గొర్రెల మందలు చూస్తూనే పెరిగాను. కాపరి కదలకుండా నిలబడతాడన్న సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ తెల్ల చీర కట్టుకుని కుర్చీలో కూర్చున్నాక, పల్లెలో తెలిసినవన్నీ లెక్కలోకి రానివని ఎప్పుడో తీర్మానించుకున్నాను. ఆమె మాట నేను పుస్తకంలో రాయలేదు. రాయడానికి గడి లేదు.

ఇక ఆ రోజు.

మధ్యాహ్నం వడ్డన మొదలైంది. నేను గుమ్మం దగ్గర నిలబడి వరుస చూస్తున్నాను. కాపరి కూర్చుని ఉన్నాడు. ముందు నా కళ్ళను నేను నమ్మలేదు. బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో కంబళి కప్పుకుని, పళ్ళెం ముందు పెట్టుకుని నింపాదిగా ముద్ద విరుచుకుని పప్పులో అద్దుకుని తింటున్నాడు. ఇంత ఉక్కపోసే మధ్యాహ్నం కంబళి ఎందుకా అని ఒక్క క్షణం అనిపించింది. కాపరికి కంబళి లేకుండా తోచదులే అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. అదీ చూశాను. అన్నీ చూశాను. కానీ నేను వెతుకుతున్నది ఒక్కటే కదా, అది కనిపించింది, ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ముద్ద మొత్తం తిన్నాడు. అటు వాడు లేచాడు, ఇటు వాడు లేచాడు, ఇతను లేవలేదు. నేను దాదాపు పరిగెత్తుకుంటూ డాక్టరు గదికి పోయి, "కూర్చున్నాడు సార్! పూర్తిగా తిన్నాడు!" అన్నాను. ఆయన మొహం వెలిగింది. వచ్చి గుమ్మంలోంచి చూశాడు. "హమ్మయ్య, ఈ డోసు పట్టింది సిస్టర్. ఇదే డోసు రాసి రేపు ఇంటికి పంపించేద్దాం" అన్నాడు. అక్కడే నిలబడి కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. నేను గడిలో "అవును" అని పెద్ద అక్షరాలతో రాశాను.

అప్పుడే భార్య ఉతికిన బట్టల సంచితో గేటు లోపలికి వచ్చింది. ఆమెకు నేనే ఎదురెళ్ళాను. "చూడు, మీ ఆయన కూచున్నాడు. నేను చెప్పల్యా?" అన్నాను, కాస్త గొప్పగానే.

ఆమె చూసింది. నవ్వలేదు. సంచి కింద పెట్టి నేరుగా అతని ముందుకు పోయి నిలబడింది.

"లేయ్" అంది.

అతను తల ఎత్తలేదు.

"లేయప్పా, ఒక్కసారి లేసి నిలబడు."

అతను కంబళి అంచులు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. ఆమె ఒంగి, ఒక్క గుంజు గుంజి కంబళి లాగేసింది.

అతని కాళ్ళు రెండూ కట్టేసి ఉన్నాయి. తలగుడ్డను పొడుగ్గా చింపి, మోకాళ్ళ కింద ఒక కట్టు, చీలమండల దగ్గర ఒక కట్టు వేసుకున్నాడు. గుడ్డ చర్మంలోకి దిగబడింది. పాదాలు నల్లగా కమిలి, ఉబ్బి ఉన్నాయి. అంత కట్టులో కూడా కాలి వేళ్ళు కదులుతున్నాయి. వాటికవే, ఆగకుండా.

"ఇది మందలోంచి పారిపోయే గొర్రెకు ఏసే ముడి" అంది ఆమె. గొంతులో ఏడుపు లేదు. "ఆయప్ప ముడే ఇది. తన కాళ్ళకు తానే ఏసుకున్యాడు."

 ముప్పై రెండేళ్ళలో రక్తం చూశాను, కొట్లాటలు చూశాను, ఒకసారి నా తల కూడా పగిలింది. ఏ రోజూ అలా కొయ్యబారిపోలేదు. ముడి వేళ్ళకు రాలేదు. కట్లు కత్తిరించే కత్తెర తెచ్చి, నేనే అతని ముందు నేల మీద కూర్చుని ఆ గుడ్డలు కత్తిరించాను. కట్టు తెగగానే అతను వెనక్కి వాలిపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయాడు గానీ, పడుకున్నవాడు పడుకున్నట్టే ఆ కాళ్ళు నేల మీద నడవడం మొదలుపెట్టాయి. మడమలు గచ్చుకు రాసుకుంటూ, ఒకటి తర్వాత ఒకటి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఎందుకప్పా ఇట్ల చేసినావు?" అన్నాను. 

గోడ పక్కన నిలబడిన మా వార్డు ఆయా భోరున ఏడ్చింది. "నేనే చెప్తినమ్మా. పాపం ఎంత తిరగతాండాడో సూడల్యాక చెప్తి. సిస్టరమ్మ సూసేది అదొక్కటేనప్పా, ముద్ద తినేంతసేపు ఎట్లన్నా కూసో, ఇంటికి పంపిస్తారు అని" అంది.

"ఇంటికి పోవాలని ఇంత పని చేసుకున్యావా?" అంది భార్య.

అతను పైకప్పు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "ఇంటికి పోయేకి కాదు మే. గేటు దాటితే సాలనుకుంటి. చెరువు నిండా నీళ్ళుండాయి గదా, రోజూ సూస్తానే ఉంటి. ఆడికి పోతే ఈ కాళ్ళు నిలుస్తాయి అనుకుంటి."

కుర్ర డాక్టరు చేతిలో ఇంటికి పంపే కాగితం ఇంకా ఉంది. సగం రాసిన కాగితం. మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ కాగితం పూర్తయి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. నా పరీక్షలో అతను నెగ్గాడు. నెగ్గినందుకు రేపు నేను అతన్ని నా చేత్తోనే గేటు దాటించి ఉండేదాన్ని.

ఆయాను, భార్యను అతని పక్కనే ఉంచాం, ఒక్క క్షణం కూడా వదలొద్దని చెప్పి. డాక్టరు పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాడు. అవతల నుంచి ఆయన అంతా విని, ఫోన్ నాకివ్వమన్నారు.

"ఆ నడక ఎప్పుడు మొదలైందమ్మా? మందుకు ముందా, మందు తర్వాతా? మీ అభిప్రాయం వద్దు. పుస్తకం తీసి, రాసింది రాసినట్టు చదవండి."

తీశాను. మొదటి రోజు: "పాటలు, మాటలు ఎక్కువ. నిద్ర లేదు. కూర్చుని తిన్నాడా? అవును." రెండో రోజు అవును. మూడో రోజు అవును. వరుసలో కూర్చుని పక్కవాడికి తన ముద్ద పెట్టి, అందరికీ నీళ్ళు తెప్పిస్తానని చెప్పాడని కూడా రాసి ఉంది. ఆరో రోజు నుంచి "లేదు". మందు పెంచిన మర్నాడల్లా "లేదు" పక్కన "నడక ఎక్కువైంది". అంతా నా చేతిరాత, నీటుగా, కొట్టివేతలు లేకుండా. జబ్బు నెత్తికెక్కి కూర్చున్న రోజుల్లో ఈ మనిషి కూర్చుని తిన్నాడు. జబ్బు దిగాకే కూర్చోలేకపోయాడు. రోజుకు మూడుసార్లు ఆ పుస్తకం తెరిచాను గానీ, వెనక్కి నాలుగు పేజీలు తిప్పలేదు. 

"చాలు. ఇప్పుడు అతన్ని ఒక్క మాట అడగండి. పరిగెత్తేది మనసా, కాళ్ళా?" అన్నారాయన.

పోయి అడిగాను. ఇన్ని రోజుల్లో మొదటిసారి అడిగాను.

"మనసు సచ్చిపోయి పండుకోనుండాదమ్మా. కాళ్ళే. ఆ సూది ఏసినంక కాళ్ళల్లోకి వచ్చింది. ఎవురూ అడగల్యా" అన్నాడు.

జబ్బు ఎక్కినప్పుడు మనిషి తిరుగుతాడు, నిజమే. కానీ ఆ తిరుగుడు అతనిది. అతనికి అది ముద్దుగా ఉంటుంది, ఆపితే కోపం వస్తుంది. మందు తెచ్చే అలజడి అలా కాదు. మనిషికి కూర్చోవాలనే ఉంటుంది, ఒళ్ళు కూర్చోనివ్వదు. నడిస్తే కొంచెం నయం, ఆగితే నరకం. అది భరించలేక చావు వెతుక్కునేవాళ్ళు ఉంటారు. జబ్బు తగ్గించే మందే ఆ పని చేస్తుందని నేను చదువుకున్న పుస్తకంలో రెండు వాక్యాలు ఉన్నాయి. పరీక్షకు చదివి, మార్కులు తెచ్చుకుని మరిచిపోయాను. అమ్మాయిలూ, నేను చెప్పేది ఇంతే. తిరిగే మనిషి కనబడితే ఎప్పట్నుంచి అని పుస్తకాన్ని అడగండి, ఎట్లా ఉంది అని మనిషిని అడగండి. చివరికి ఏ మందు అనేది డాక్టరు చూసుకుంటాడు. ఆయనకు మీరు చెప్పేది మాత్రం సగం సగం చెప్పకండి.

పెద్ద డాక్టరు మర్నాడే వచ్చారు. సూదులు ఆపించారు, మందు మార్చారు, కాళ్ళ అలజడికి వేరే చిన్న మాత్ర ఇచ్చారు. నన్ను తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. కుర్ర డాక్టరుతో, "నీ అనుమానాన్ని నువ్వే ఎందుకు వదిలేశావయ్యా?" అని మాత్రం అడిగారు. ఆ కుర్రాడు నా పేరు చెప్పలేదు. తల దించుకుని నిలబడ్డాడు. అప్పుడు నేనే ముందుకు వచ్చి, "నేను చెప్తే వదిలేసినాడు సార్" అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు పట్టిన ధైర్యం, అంతకుముందు వార్డులో ఏ కత్తి ముందూ పట్టలేదు. సాయంత్రం పుస్తకం తీసి ఆ గడి మీద పై నుంచి కింద దాకా గీత గీశాను.

ఒక్క రోజులో తగ్గలేదు. మొదటి రెండు రోజులూ అతను నడుస్తూనే ఉన్నాడు, భార్య వెంట నడుస్తూనే ఉంది. నేను డ్యూటీ అయిపోయాక కూడా ఇంటికి పోలేకపోయాను. మూడో రోజు ఇరవై నిమిషాలు మంచం మీద కూర్చున్నాడు. చీలమండల మీద పుండ్లకు కట్టు కడుతుంటే పాదం నా చేతిలో కదలకుండా ఆగింది. అది ఆగినందుకు నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

ఇంకో వారానికి, ఒక సాయంత్రం భార్య నా దగ్గరికి వచ్చి, "అమ్మా, ఆ కట్టె ఒక్కసారి ఇప్పిస్తావా?" అంది. వార్డులోకి కట్టెలు రాకూడదు. నేను సామాన్ల గది తాళం తీసి, చీటీ విప్పి, కట్టె నేనే తీసుకుపోయి అతని చేతిలో పెట్టాను.

వెనక పెరట్లో బట్టలారేసే చోటికి పోయాడు. కట్టె నేలకు ఆనించి, దాని కొన గడ్డం కింద పెట్టుకుని, కుడికాలు ఎత్తి పాదం ఎడమ మోకాలికి ఆనించాడు. నిలబడ్డాడు. కంబళి భుజాన కదల్లేదు. అతని ముందు గొర్రెలు లేవు, ఆరేసిన దుప్పట్లు ఉన్నాయి. భార్య గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. నేను వసారా అంచున నిలబడ్డాను. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. ఆ కాళ్ళు ఇప్పుడు కదులుతాయేమో, ఇప్పుడు కదులుతాయేమో అని చూస్తున్నాను. ఎండ గోడ ఎక్కి పోయింది. నా మోకాళ్ళు లాగేస్తున్నాయి, నేనే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూ ఉన్నాను.

అతను తల తిప్పకుండానే కళ్ళు మాత్రం నా కాళ్ళ వైపు తిప్పాడు.

"ఏమ్మా, నిలబడల్యాకుండావే" అన్నాడు. "కాళ్ళు గుంజుతాండాయేమో. కూసో తల్లీ."

నేను ఆ మెట్టు మీదే కూర్చున్నాను.